నెత్తురు చుక్కలో నీలి వెలుగు

కిరాణా కొట్లో ఐదువందల నోటు ఇస్తే షావుకారు దాన్ని ఓ చిన్న ఊదారంగు లైటు కింద పెట్టి చూస్తాడు, గమనించే ఉంటారు. నోటు మీది నంబర్లు అందులో మెరుస్తాయి. అదే లైటు కిందికి మీ తెల్లచొక్కా చెయ్యి వెళ్లిందనుకోండి, నోటు కంటే చొక్కానే ఎక్కువ వెలుగుతుంది. బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బు పొడుల్లో, మిల్లుల్లో కలిపే రసాయనాల పని అది. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని అవి మింగి, కంటికి కనిపించే నీలి వెలుగుగా బయటికి పంపుతాయి. 1852లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఈ మెరుపుకు ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు.

ఆ నీలి మెరుపును కొలవడమే నా ఉద్యోగం. బట్టల్లో కాదు, పసిపిల్లల నెత్తుట్లో.

మాది కోరుట్ల. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో ఎంజైమ్ పరీక్షలు చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే రక్తం గొట్టాల మీద పిల్లల పేరు, వయసు, ఊరు ఉంటాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని కనబడితే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు రిపోర్టు తీసుకుంటూ, “మీరు మా దిక్కోళ్లేనా? అయితే ఓపారి ఇంటికి రావాలె” అని పిలిచేవాళ్లు. కిందటి దసరా సెలవుల్లో అలా మూడిళ్లకు వెళ్లొచ్చాను. “మా అసొంటోళ్లకు పనికొస్తదంటె రాయుండ్రి” అన్నారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

సిరిసిల్ల: కామెర్లు కాని కామెర్లు

సిరిసిల్లలో ఆ వాడకట్టుకు వెళ్తుంటేనే సాంచాల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆ ఇంటాయన పన్నెండు గంటల షిఫ్టులో పాలిస్టర్ బట్ట నేస్తాడు. ఆయన పెద్దబిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో ఏట కడుపు ఉబ్బడం మొదలైంది.

“కడుపు రాయి లెక్క గట్టిగ అయింది మేడం. అందరు కామెర్లన్నరు. పసరు పోయించినం, తాయెత్తు కట్టించినం. ముక్కులకెల్లి నెత్తురు కారితె ఎండకు అనుకున్నం. రెండుసార్లు రక్తం ఎక్కించిండ్రు. ఎక్కించినప్పుడు మంచిగనే ఉంటది, మళ్ల అదే కథ.”

మూడేళ్లు అలా గడిచాక ఒక పిల్లల డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి, ఉబ్బింది కాలేయం ఒక్కటే కాదు, ప్లీహం కూడా అని గుర్తుపట్టారు. రక్తం తీసి హైదరాబాద్ పంపమన్నారు. మా యంత్రంలో ఆ అమ్మాయి నమూనా దాదాపు చీకటిగా ఉంది. మామూలు పిల్లల్లో వంద పాళ్లు ఉండాల్సిన ఎంజైమ్ పని, ఈ జబ్బున్న వాళ్లలో సాధారణంగా పదిహేను పాళ్లు దాటదు.

జబ్బు పేరు గోషే. రిపోర్టు మీది స్పెల్లింగు చూసి మనవాళ్లు గాచర్ అంటారు. 1882లో ఫిలిప్ గోషే అనే ఫ్రెంచి వైద్య విద్యార్థి, ప్లీహం విపరీతంగా పెరిగిన ఒక రోగి గురించి తన థీసిస్‌లో రాశాడు. కారణం తెలియడానికి మరో 83 ఏళ్లు పట్టింది. 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం ఆ రోగుల్లో గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ లోపించిందని తేల్చింది.

ఎంజైమ్ అంటే కణంలో పనిచేసే కత్తెర. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ పాతబడ్డ సరుకును ముక్కలు చేసి మళ్లీ వాడుకునేలా చేసే చిన్న చిన్న సంచులుంటాయి. వాటిని లైసోజోములంటారు. 1955లో వాటిని కనిపెట్టిన క్రిస్టియన్ డి డూవ్‌కు 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంచుల్లో ఒక్కో రకం చెత్తకు ఒక్కో కత్తెర. ఒక్క కత్తెర పనిచేయకపోయినా ఆ రకం చెత్త పేరుకుపోతూనే ఉంటుంది. ఊళ్లో చెత్త బండి పది రోజులు రాకపోతే సందులు ఎట్లుంటయో, ఆ కణాలూ అట్లయితయి. గోషేలో ఆ పేరుకుపోవడం ప్లీహంలో, కాలేయంలో, ఎముకల మూలుగలో జరుగుతుంది. అందుకే కడుపు ఉబ్బుతుంది, నెత్తురు తగ్గుతుంది, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఎముకలు నొస్తాయి.

మూత తీస్తే వెలిగే బల్బు

కత్తెర కంటికి కనిపించదు కదా, అది పనిచేస్తోందో లేదో ఎలా చూస్తాం? ఇక్కడే మన రంగు వస్తుంది. దాని పేరు 4-మిథైల్ అంబెల్లిఫెరోన్. పలకడానికి నోరు తిరగని ఈ పేరులో మన వంటింటి చుట్టరికం ఉంది. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ మొక్కల కుటుంబానికి వృక్షశాస్త్రంలో పాత పేరు అంబెల్లిఫెరె. అంబెల్లిఫెరోన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. రసాయనాల లెక్కలో ఇది కూమరిన్ కుటుంబానిది. బట్టలకు తెల్లదనం ఇచ్చే రసాయనాల్లోనూ కొన్ని ఈ కుటుంబం నుంచి వచ్చినవే. సిరిసిల్ల ఆయనకు ఈ మాట చెబితే, “అంటె మా బట్ట మెరుపూ, మా పిల్ల పరీక్షా ఒకటే ఇంటోళ్లన్నట్టు” అన్నాడు.

ఈ రంగు ఒంటరిగా ఉంటే, అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా వెలుగుతుంది. దానికి ఒక చక్కెర ముక్కను అతికిస్తే వెలుగు అణిగిపోతుంది. బల్బుకు మూత తొడిగినట్టన్నమాట. గోషే పరీక్షకు వాడే రంగుకు తొడిగిన మూత గ్లూకోజ్. ఆ మూతను కోయగలిగే కత్తెర, అంటే ఆ ఎంజైమ్, నమూనాలో ఉంటే మూత ఊడుతుంది, రంగు వెలుగుతుంది. కత్తెర లేకపోతే చీకటి.

మేం చేసేది ఇంతే. ఐదు మిల్లీలీటర్ల రక్తంలోంచి తెల్లకణాలను వేరుచేస్తాం. వాటిని పగలగొట్టి, మూత తొడిగిన రంగు కలిపి, ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. గంట కావచ్చు, ఎంజైమ్‌ను బట్టి ఇంకొన్ని గంటలు కావచ్చు. తర్వాత క్షారగుణం ఉన్న ద్రవం పోస్తాం. దాంతో రెండు పనులవుతాయి: ఎంజైమ్ పని ఆగిపోతుంది, ఊడిన రంగు పూర్తిగా వెలుగుతుంది. ఫ్లోరిమీటర్ అనే యంత్రం 365 నానోమీటర్ల దగ్గర కాంతి వేసి, 450 దగ్గర వచ్చే నీలి వెలుగును కొలుస్తుంది. ఎంత వెలుగో అంత ఎంజైమ్.

ఈ రంగుతో కణాల్లోని ఎంజైములను కొలవడం 1950ల్లోనే మొదలైంది. 1970లో ఎర్నెస్ట్ బ్యూట్లర్, తన సహచరుడు కూల్‌తో కలిసి, మామూలు రక్త నమూనాలోని తెల్లకణాలతోనే గోషేను పట్టుకోవచ్చని చూపించాడు. అంతకుముందు ఎముక మూలుగ తీసి మైక్రోస్కోపులో వెతకడమో, అవయవం ముక్క తీయడమో చేసేవాళ్లు. ఇవాళ మూత మారుస్తూ పోతే అదే రంగుతో పదుల సంఖ్యలో ఇలాంటి జబ్బులను చూడొచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఎంజైమ్ ప్రాణమున్న సరుకు లాంటిది, పాల లెక్క విరిగిపోతుంది. ఎండాకాలం జగిత్యాల నుంచి జేబీఎస్‌కు వచ్చే బస్సులో, ఇంజిను పక్కన పెట్టిన రక్తం గొట్టం చల్లదనం పోయి వస్తే, మంచి పిల్ల నమూనా కూడా చీకటిగా కనిపించవచ్చు. అందుకే ఏ ల్యాబైనా ఒకే నమూనాలో రెండో ఎంజైమ్‌ను కూడా తప్పక చూస్తుంది. రెండూ చీకటిగా ఉంటే తప్పు ప్రయాణానిది. రెండోది వెలిగి మొదటిది వెలగకపోతేనే అది జబ్బు. “మళ్లీ రక్తం పంపండి” అని ల్యాబువాళ్లు అడిగితే విసుక్కోవద్దు అనేది ఇందుకే.

ఈ తంటా తగ్గించే దారి 2001లో అర్జెంటీనా నుంచి వచ్చింది. నెస్టర్ చామొలెస్ బృందం, ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలోనే ఈ ఎంజైములను కొలవచ్చని చూపించింది. మడమ మీద చిన్న గాటు, కార్డు మీద నాలుగు చుక్కలు, నీడలో ఆరబెట్టి కవర్లో పెడితే కొరియర్‌లో పోతుంది. అందులో తేడా కనబడితే మాత్రం తాజా రక్తంతో మళ్లీ ఖాయం చేసుకోవాలి.

కోరుట్ల: తప్పు ఎవరిది?

కోరుట్లలో ఆ ఇంటికి పోయేసరికి అత్తాకోడళ్లు ఇద్దరూ చాటలు ముందు పెట్టుకొని బీడీలు చేస్తున్నారు. బాబుకు నాలుగేళ్లు. ముఖం మొరటుగా, ముక్కు దూలం అణిగి, వేళ్లు సగం ముడుచుకొని ఉన్నాయి. ఏడాది లోపే బొడ్డు దగ్గర హెర్నియా, తర్వాత చెవిలో చీము, ఎప్పుడూ జలుబు. ఒక్కో కష్టానికి ఒక్కో డాక్టరు. అన్నీ కలిపి చూసినవాళ్లు లేరు. మూడేళ్లు దాటాక పరీక్షకు వచ్చాడు. ఐడ్యురోనిడేజ్ అనే ఎంజైమ్ లేదు. జబ్బు హర్లర్.

ఈ జబ్బులో కాలమే అన్నిటికంటే విలువైనది. మెదడు దెబ్బతినక ముందే, రెండు, రెండున్నరేళ్ల లోపు మూలుగ మార్పిడి చేస్తే పిల్లాడి తెలివితేటలు చాలావరకు నిలుస్తాయి. ఆ గడువు దాటాక చేసేది తక్కువ. కోరుట్ల బాబు విషయంలో ఆ గడువు హెర్నియాకీ, చెవిపోటుకీ, జలుబుకీ విడివిడిగా మందులు రాయించుకోవడంలో గడిచిపోయింది.

“మా ఇంట్ల ఎవ్వలకు లేదు బిడ్డా ఇసొంటి రోగం. ఎక్కడికెల్లి వచ్చిందో!” అంది అత్త. కోడలు తల ఎత్తలేదు. నాలుగేళ్లుగా ఆమె వింటున్న మాట అదే.

ఆ కోడలు వేరే ఎవరో కాదు, అత్తకు స్వయానా అన్న బిడ్డ. మేనరికం. రిపోర్టు కవరు వెనక నేను గీతలు గీసి చూపించాను. ఇలాంటి ఎంజైమ్‌కు మనలో రెండు జన్యువులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషిని వాహకుడంటారు. వాళ్లకు ఈ జబ్బు ఉండదు, జీవితాంతం తెలియదు కూడా. ఇద్దరు వాహకులకు పెళ్లయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు చెడు జన్యువులూ రావచ్చు. కాబట్టి అమ్మ ఒక్కదాని వల్ల ఈ జబ్బు రాదు. నాన్న సగం, అమ్మ సగం.

మేనరికంలో ఆ సగం, ఈ సగం ఎక్కువగా ఒకే తాతముత్తాతల నుంచి దిగుతాయి. ఈ ఇంట్లో ఆ జన్యువు అత్త అమ్మానాన్నల్లో ఒకరి నుంచి, ఆమెకూ ఆమె అన్నకూ వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. ఆమె కొడుక్కు, అన్న ద్వారా కోడలుకు. కవరు మీద గీత తన దాకా రాగానే పెద్దమ్మ బీడీ చుట్టడం ఆపింది. చాలాసేపు ఆ కాగితం చూసింది. “అంటె దీని తప్పు కాదన్నట్టు” అంది చివరికి. తప్పు ఎవరిదీ కాదు పెద్దమ్మా అన్నాను. తర్వాత నాకు చాయ్ ఇచ్చింది కోడలు. ఆమె చేతిలోంచి చాట తీసుకొని “నువ్వు కూసో” అంది అత్త. ఎంజైమ్ రిపోర్టు చేయగలిగిన పని జబ్బు పేరు చెప్పడం ఒక్కటే కాదని ఆ ఇంట్లో చూశాను.

జగిత్యాల: గిన్నె చప్పుడుకు ఉలిక్కిపడ్డ పిల్లాడు

జగిత్యాల ఇంట్లో మేనరికం లేదు. “మాది ఒకటే కులం, అంతే. సుట్టరికం ఏం లేదు” అన్నాడాయన. దుబాయిలో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చాడు. మొదటి కొడుకు ఆరో నెల దాకా నవ్వుతూ ఉండేవాడు. తర్వాత వంటింట్లో గిన్నె పడితే విపరీతంగా ఉలిక్కిపడటం, పట్టుకున్న బొమ్మ వదిలేయడం, మెడ నిలపలేకపోవడం, చూపు ఆనకపోవడం. కంటి డాక్టరు లోపల ఎర్రటి చుక్క చూసి పరీక్షకు పంపారు. టే-శాక్స్. హెక్సోసామినిడేజ్-ఎ అనే ఎంజైమ్ లేక మెదడు కణాల్లో కొవ్వు పదార్థం పేరుకుపోయే జబ్బు. దీనికి నేటికీ మందు లేదు. తండ్రి కొడుకును ఎక్కువగా వీడియో కాల్‌లోనే చూశాడు. మూడేళ్లకు బాబు పోయాడు.

ఈ జబ్బు చరిత్ర తెలిస్తే మనకో దారి దొరుకుతుంది. 1969లో ఒకాడా, ఓబ్రయన్ అనే ఇద్దరు ఈ ఎంజైమ్ లోపాన్ని కనిపెట్టారు. ఇందులో ఎ, బి అని రెండు రకాలున్నాయి, మూత ఊడదీసే పని రెండూ చేస్తాయి. వాటిని విడదీయడానికి వాడిన కిటుకు చాలా సులువైంది. నమూనాను వేడి చేస్తే ఎ రకం నశిస్తుంది, బి మిగులుతుంది. వేడికి ముందు వెలుగులోంచి తర్వాతి వెలుగు తీసేస్తే ఎ లెక్క వస్తుంది. రోగులనే కాదు, సగం ఎంజైమ్ ఉన్న వాహకులనూ ఈ లెక్క పట్టేస్తుంది.

తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో సుమారు ముప్పై మందిలో ఒకరు ఈ జబ్బు వాహకులు. 1971లో మైఖేల్ కబాక్ అనే డాక్టరు అమెరికాలోని బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల్లో వాళ్ల ప్రార్థనా మందిరాలకు వెళ్లి, పెళ్లీడు వాళ్లకు, కొత్త దంపతులకు ఈ పరీక్ష మొదలుపెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా, కెనడాల్లో ఆ సమాజంలో టే-శాక్స్‌తో పుట్టే పిల్లలు 90 శాతానికి పైగా తగ్గిపోయారు. మందు లేని జబ్బును ఓ రక్తపరీక్ష అలా తగ్గించింది.

పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు వాళ్లలోనూ ఉన్నాయి. తన నలుగురు పిల్లలను ఈ జబ్బుకు పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే మతగురువు 1983లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. యువతీయువకులకు ముందే పరీక్ష చేసి, ఫలితం చెప్పకుండా ఒక నంబరు మాత్రం ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు రెండు నంబర్లూ చెబితే, ఈ జోడీ ఫర్వాలేదా కాదా అన్నంతవరకే చెబుతారు. ఎవరిలో లోపముందన్న చెడ్డపేరు బయటికి రాదు. మన దగ్గర జాతకాలు చూపించుకోవడం ఉంది, కట్నం లెక్కలున్నాయి, మేనత్త కొడుకా మేనమామ కొడుకా అన్న చర్చ ఉంది. ఇలాంటి ఒక గుట్టైన నంబరు కూడా ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

జగిత్యాల దంపతులకు మొదటి బాబు రిపోర్టే రక్షగా నిలిచింది. రెండోసారి గర్భం నిలవగానే వాళ్లు నేరుగా జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్లారు. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ ముక్క కణాల్లో ఎంజైమ్ ఉంటే వెలుగు వస్తుంది. వచ్చింది. నిండుగా వచ్చింది. వాళ్ల పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. నేను వెళ్లినప్పుడు స్టీలు గ్లాసులను నేలకేసి కొడుతూ, ఆ చప్పుడుకు తనే నవ్వుతోంది. ఇంట్లో ఎవరూ ఆ గ్లాసులు లాక్కోలేదు.

ఇలాంటి పరీక్షలు చట్టసమ్మతమేనా అని ఆ ఇంట్లో బంధువులు అడిగారు. ఆడా మగా చెప్పడమే నేరం. జన్యుజబ్బుల కోసం గుర్తింపు పొందిన కేంద్రంలో పరీక్ష చేయించుకోవడాన్ని చట్టం అనుమతిస్తుంది. బిడ్డకు తీవ్రమైన లోపముందని తేలితే ఏం చేయాలన్నది తల్లిదండ్రుల నిర్ణయం. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం అలాంటప్పుడు 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతి ఇవ్వొచ్చు.

మేనరికం ఒక్కటేనా కారణం?

జగిత్యాల కథ విన్నాక ఈ ప్రశ్న రావాలి. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 11 వేలకు పైగా పిల్లలపై జరిగిన అధ్యయనం 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు 3 శాతం నుంచి 6 శాతానికి, అంటే రెట్టింపు అవుతుందని తేలింది. ఇంకో వైపు నుంచి చూస్తే, అలాంటి దంపతుల్లో నూటికి 94 మందికి ఆ లోపాల్లేని బిడ్డలే. మేనరికం చేసుకున్నవాళ్లను నిందించడానికి కాదు, ముందే డాక్టరును కలవడానికి ఈ లెక్క పనికిరావాలి. మేనమామ-మేనకోడలు పెళ్లిలో రక్తసంబంధం బావామరదళ్ల కంటే రెండింతలు దగ్గర అన్నదీ గుర్తుంచుకోవాలి.

చుట్టరికం లేకపోయినా ముప్పు ఎందుకు? 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి నేచర్ జెనెటిక్స్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను చూస్తే, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినవని తేలింది. ఆ ప్రభావం అష్కెనాజీ యూదులలో కంటే కూడా బలంగా ఉంది. తరతరాలుగా కులం లోపలే పెళ్లిళ్లు జరగడంతో, లక్షల మంది ఉన్న కులంలోనూ తెలియని దూరపు చుట్టరికం మిగిలే ఉంటుంది. మన తెలుగువాళ్లలోనే తెలిసిన ఉదాహరణ ఉంది. వైశ్యుల్లో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉండదు. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు వాళ్లలో కొద్ది నిమిషాల్లో విరగాల్సింది గంటల తరబడి నిలిచిపోతుంది. ఆ సంగతి తెలిసిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్తపడతారు.

దొరికిన మందు, దొరకని డబ్బు

సిరిసిల్ల అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. గోషేకు మందు ఉంది. లోపించిన ఎంజైమ్‌నే బయట తయారుచేసి రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. 1991లో మొదటి మందును ప్రసవానంతర మాయల నుంచి తీశారు. 1994 నుంచి కణాలను పెంచి తయారుచేస్తున్నారు. పనిచేస్తోందో లేదో చూడడానికీ ఇదే రంగు ఉపయోగం. గోషే రోగుల నెత్తుట్లో కైటోట్రయోసిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ వందల రెట్లు పెరిగి ఉంటుంది. మందు పడేకొద్దీ అది తగ్గుతుంది. అంటే ఈ పరీక్షలో వెలుగు తగ్గితేనే సంతోషం. ఆ అమ్మాయి వెలుగు తగ్గుతోంది. కడుపు మెత్తబడింది. బడికి పోతోంది.

కానీ ఈ మందు జీవితాంతం కావాలి. పిల్ల బరువు పెరిగేకొద్దీ డోసూ ఖర్చూ పెరుగుతాయి. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో గోషే, హర్లర్ లాంటివి ఉన్నాయి. 2022లో సాయాన్ని ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా పెంచారు. దేశంలో మొదట గుర్తించిన ఎనిమిది ఉత్కృష్ట కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ-నిమ్స్ ఒకటి. మనవాళ్లు దరఖాస్తు చేసుకోవాల్సింది అక్కడే. అయితే 50 లక్షలు పెద్ద మొత్తంలా కనిపిస్తుంది, జీవితకాలం మందుకు అది కొన్నేళ్లే సరిపోతుంది. “ఆ పైసలు ఒడిసినంక ఏంది మేడం?” అని సిరిసిల్ల తండ్రి అడిగిన ప్రశ్నకు ఆ విధానంలో జవాబు లేదు. అడగాల్సింది ప్రభుత్వాలనే.

ఏ గుర్తులు చూడాలి?

జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి. పిల్లల డాక్టరుకు చూపించడానికి ఇప్పుడు కరీంనగర్ దాకా పోనక్కర్లేదు. చూపించేటప్పుడు వీటిని మాత్రం ఒక్కొక్కటిగా కాక కలిపి చెప్పండి:

పసుపు తగ్గినా కడుపు ఉబ్బు తగ్గకపోవడం, ప్లీహం పెరగడం, రక్తం మళ్లీ మళ్లీ తగ్గడం. ఏడాది లోపు హెర్నియాతో పాటు తరచూ జలుబు, చెవి చీము, వేళ్లు బిగుసుకోవడం, ముఖం మొరటుబారడం. నేర్చుకున్న కూర్చోవడం, పట్టుకోవడం, నవ్వడం పోగొట్టుకోవడం. చిన్న చప్పుడుకు విపరీతంగా ఉలిక్కిపడటం. ఇంట్లో ఇంతకుముందు కారణం తెలియకుండా బిడ్డ పోయి ఉండటం. వీటిలో ఏదున్నా, “ఎంజైమ్ పరీక్ష అవసరమా?” అని అడగండి. అడగడానికి చదువుతో పనిలేదు.

మరొకటి కూడా చెప్పాలి. గోషే లాంటి జబ్బుల్లో వాహకుల ఎంజైమ్ లెక్క, మామూలువాళ్ల లెక్కతో కలిసిపోతుంది. అందుకని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాహకులా కాదా తెలుసుకోవాలంటే వెలుగు చాలదు, డీఎన్ఏ పరీక్ష కావాలి. దానికి జబ్బున్న బిడ్డ నమూనానే ఆధారం. అన్నిటికంటే బాధ కలిగించే ఫోన్లు మాకు వచ్చేది ఇక్కడే. “మొదటి పాప పోయింది మేడం, ఏం జబ్బో తెల్వదు. ఇప్పుడు మళ్ల మూడో నెల. ఏం పరీక్ష చేయాలె?” అని అడుగుతారు. పోయిన పాప నుంచి ఒక్క రక్తపు చుక్క కూడా దాచలేదు. వందల ఎంజైముల్లో ఏ బల్బుకు ఏ మూత తొడగాలో మాకూ తెలియదు.

అందుకే ప్రతి పిల్లల డాక్టరుకూ, ప్రతి ఆశా కార్యకర్తకూ, బిడ్డ మీద ఆశ వదులుకుంటున్న ప్రతి ఇంటికీ నేను చెప్పేది ఒక్కటే. బిడ్డ బతికున్నప్పుడే ఫిల్టర్ కార్డు మీద నాలుగు చుక్కలు తీసి దాచండి. వాటి మీద పేరు, తేదీ, ఊరు రాయండి. ఆ బిడ్డకు సాయం అందినా అందకపోయినా, తర్వాత పుట్టబోయే చెల్లికో తమ్ముడికో ఆ నాలుగు చుక్కలే దారి చూపిస్తాయి.